ఎలుగుబంటి పేరున్న మనిషి

పోయిన నెల మా ఫిల్మ్ క్లబ్బులో "నానూక్ ఆఫ్ ది నార్త్" వేశారు. 1922 నాటి మూకీ సినిమా. కెనడా ఉత్తరాన మంచులో బతికే ఒక ఇన్యూట్ కుటుంబం కథ. డాక్యుమెంటరీలన్నిటికీ తాత అంటారు దాన్ని. ముప్పైమంది దాకా వచ్చాం. అయిపోయాక చర్చ మొదలైంది. "ఎంత స్వచ్ఛమైన జీవితం!" అన్నారొకరు. "ప్రకృతిలో అంతగా కలిసిపోయి బతకడం మనవల్ల అవుతుందా?" అన్నారు ఇంకొకరు. "ఒక్క ఫ్రేములో కూడా నటన లేదు" అని మూడో ఆయన తేల్చేశాడు.

నాకు ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు. గుమ్మం దగ్గర అందరికీ పంచిన కరపత్రం మీద. "కల్తీలేని ఆర్కిటిక్" అని దాని శీర్షిక. ఎనిమిదేళ్ల కిందట ఆ పరిచయం రాసింది నేనే. క్లబ్బువాళ్లు పాత ఫైల్లోంచి తీసి మళ్లీ ప్రింటు కొట్టారు. ఆ ముగ్గురూ నా మాటలే నాకు అప్పజెప్పారన్నమాట. ఈ వ్యాసం ఆ కరపత్రానికి జవాబు.

ఒకటి ముందే ఒప్పుకుంటాను. ఆర్కిటిక్ నేను చూడలేదు. నేను చూసిన మంచు మనాలీలో మూడు రోజులు, మిగతాదంతా ఫ్రిజ్జులో. నాకు తెలిసింది పుస్తకాల్లోంచీ సినిమాల్లోంచీ తెలిసిందే. అయినా మాట్లాడుతున్నానంటే కారణం ఉంది. మనలో చాలామందికి ఆర్కిటిక్ అంటే చూసిన చోటు కాదు, చూపించిన చోటు. ఎవరు చూపించారు, ఏం తీసేసి చూపించారు అన్నది అక్కడికి వెళ్లకుండా కూడా అడగొచ్చు.

సినిమా సంగతులు ముందు. తీసినవాడు రాబర్ట్ ఫ్లాహర్టీ. డబ్బు పెట్టింది బొచ్చుతోళ్ల వ్యాపారం చేసే ఫ్రెంచి కంపెనీ రెవియోన్ ఫ్రేర్. 1920-21లో, హడ్సన్ అఖాతం తూర్పు తీరాన ఇనుక్‌జువాక్ అనే చోట తీశారు. తెర మీద బల్లెంతో వేటాడే నాయకుడు మామూలుగా తుపాకీతో వేటాడేవాడు. గ్రామఫోను రికార్డును వింతగా కొరికి చూసే సీను ఉంది కదా, గ్రామఫోను అంటే ఏంటో అతనికి ముందే తెలుసు. లోపల కెమెరాకి వెలుతురు చాలక ఇగ్లూని సగమే కట్టారు. భార్యగా కనబడే ఆవిడ అతని భార్య కాదు.

"అయితే ఏంటి? కళ అన్నాక కల్పన ఉండదా?" అని క్లబ్బులో ఒక మిత్రుడు అడిగాడు. ఉంటుంది. నా గొడవ కల్పనతో కాదు, అది ఏ వైపుకి సాగిందన్నదానితో. తుపాకీ ఉన్నవాడి చేత బల్లెం పట్టించారు. తెలిసినవాణ్ని తెలియనివాడిగా చూపించారు. సినిమా తీస్తున్నప్పుడు ఫిల్ము కడగడంలో, సన్నివేశాలు ఆలోచించడంలో అక్కడి ఇన్యూట్లు ఫ్లాహర్టీతో కలిసి పనిచేశారు. అప్పటికి లోకంలో కొత్తదైన యంత్రంతో పనిచేస్తున్న మనుషులు వాళ్లు. వాళ్ల చేతే వాళ్లని రాతియుగంలోకి పంపించారు.

అసలు విషయం పేరులో ఉంది. నాయకుడి పేరు అల్లకరియాల్లక్. ఆ పేరు తెర మీద ఎక్కడా రాదు. అతనికి పెట్టిన పేరు నానూక్. ఇనుక్టిటుట్ భాషలో ఆ మాటకి అర్థం ధ్రువపు ఎలుగుబంటి. "ఇన్యూట్" అన్న మాటకేమో "మనుషులు" అని అర్థం. తమని తాము మనుషులు అని పిలుచుకునే జాతిలో ఒక మనిషి పేరు తీసేసి ఎలుగుబంటి పేరు పెట్టారు. వందేళ్లుగా ఆ పేరుతోనే మెచ్చుకుంటున్నాం. నేను కూడా మెచ్చుకున్నాను.

సినిమా వచ్చిన ముప్పై ఏళ్లకి, అదే ఇనుక్‌జువాక్‌లో ఏం జరిగిందో చూడండి. 1953లోనూ 1955లోనూ కెనడా ప్రభుత్వం అక్కడి కుటుంబాల్ని ఓడెక్కించి దాదాపు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి తీసుకుపోయింది. మొత్తం 90 మంది దాకా. "అక్కడ వేట బాగా దొరుకుతుంది, నచ్చకపోతే రెండేళ్లలో వెనక్కి తెస్తాం" అని మాటిచ్చారు. అందరం ఒకేచోట ఉంటామనుకుని ఎక్కినవాళ్లకి, వేర్వేరు చోట్ల దించుతారని ఓడలోనే తెలిసింది. ఆ చోట్ల పేర్లు గ్రీస్ ఫియర్డ్, రిజల్యూట్. మొదటిదాన్ని ఇన్యూట్లు "ఎన్నటికీ కరగని చోటు" అంటారు, రెండోదాన్ని "తెల్లవారని చోటు". చలికాలంలో మూడు నెలలు సూర్యుడు రాడు. ఇనుక్‌జువాక్‌లో వాళ్లకి పక్షులు, గుడ్లు, బెర్రీ పళ్లు దొరికేవి. ఇక్కడ చీకట్లో వేటాడటం కొత్తగా నేర్చుకోవాల్సొచ్చింది, గుడారాల్లో.

ఆ దీవుల్లో మస్కాక్స్ ఉంటుంది. నేల దాకా వేలాడే బొచ్చుతో, గేదెలా బలిసిన జంతువు. ఒక్కటి దొరికినా ఎన్నో కుటుంబాలకి తిండి. కానీ దాన్ని చంపకూడదని చట్టం. వేట బాగుంటుందని తీసుకొచ్చినవాళ్లే, వచ్చాక వేటకి కాపలా కాశారు. ఆ జంతువుని కాపాడటం తప్పని నేననను. చీకట్లో ఆకలితో ఉన్న మనుషులకి ఆ చట్టంలో చోటు లేకపోవడం తప్పు.

ఎందుకు తీసుకెళ్లారు? ఉత్తరపు దీవులు తమవేనని చూపించుకోవాలంటే అక్కడ కెనడా మనుషులు ఉండాలి. ప్రభుత్వమే నియమించిన రాయల్ కమిషన్ 1994లో ఈ సంగతి బయటపెట్టింది. 1996లో కోటి డాలర్ల నిధి ఇచ్చారు, క్షమాపణ మాత్రం 2010లో గానీ రాలేదు.

1955 ఓడలో వెళ్లినవాళ్లలో జోసెఫీ ఫ్లాహర్టీ అనే అతను ఉన్నాడు. ఇంటిపేరు చూశారు కదా. సినిమా తీసే రోజుల్లో అక్కడి స్త్రీకి ఫ్లాహర్టీ వల్ల పుట్టిన కొడుకు. తండ్రి వెళ్లిపోయాక పుట్టాడు, తండ్రిని ఎప్పుడూ చూడలేదు. ఆర్కిటిక్ మీద తండ్రి చూపించిన ప్రేమ జగత్ప్రసిద్ధం. కొడుక్కి అందులోంచి దక్కింది గ్రీస్ ఫియర్డ్.

"పాత కథలు తవ్వుతున్నావు, ఇప్పుడెవరు అలా చూస్తారు?" అంటారేమో. ఇప్పుడు ఇంకా శుభ్రంగా చూస్తున్నాం. నానూక్‌లో కనీసం మనుషులున్నారు. ఇవాళ మనం రాత్రిపూట అన్నం తింటూ చూసే హెచ్‌డీ ఆర్కిటిక్‌లో ఎలుగు, పిల్లలు, నక్క, తిమింగలం, వెనక వయొలిన్. మనిషి ఉండడు. ఉన్నా తుపాకీతో దూరంగా కనబడే ఆకారం. పోయినేడు మా పాప స్కూలు ప్రాజెక్టుకి ఆర్కిటిక్ చార్టు చేసింది. అందులో పెంగ్విన్ అతికిస్తే "అది దక్షిణ ధ్రువం అమ్మా" అని తీయించాను. తప్పు దిద్దానని గర్వపడ్డాను. ఇగ్లూ ఉంది, అందులో ఉండేవాళ్లు లేరు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఇలా మనిషిని తీసేసి చూడటానికి ఒక ఖరీదుంది. సీల్ సంగతి తీసుకోండి. తెల్ల బొచ్చుతో, నల్ల కళ్లతో ఉండే సీల్ పిల్ల ఫొటో మనందరికీ గుర్తే. 1970ల్లో ఆ ఫొటోలతో పెద్ద ఉద్యమం నడిచింది. 1983లో యూరప్ దేశాలు పిల్ల సీళ్ల తోళ్ల దిగుమతిని ఆపేశాయి. ఇన్యూట్లు ప్రధానంగా వేటాడేది ఆ పిల్లల్ని కాదు, రింగ్డ్ సీల్ అనే వేరే జాతిని. మాంసం తింటారు, తోలు అమ్మి తూటాలు, పెట్రోలు కొంటారు. కాగితం మీద వాళ్లకి మినహాయింపు ఉంది. కానీ బజారు మినహాయింపులు చదవదు. ఏ సీల్ తోలైనా కొనేవాడే లేకుండా పోయాడు. 2009లో నిషేధం అన్ని సీళ్లకీ విస్తరించింది, మళ్లీ అదే మినహాయింపుతో. 2014లో గ్రీన్‌పీస్ కెనడా విభాగం ఇన్యూట్లకి క్షమాపణ చెప్పింది. ఫొటో చూసినంతమంది ఆ క్షమాపణ చదివుండరు.

నునావుట్‌లో 25 ఊళ్లున్నాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి రోడ్డు లేదు. సరుకులు విమానంలో రావాలి, లేదంటే మంచు కరిగే నెలల్లో ఓడలో. 2017-18 సర్వేలో అక్కడ 57 శాతం ఇళ్లకి తిండికి భరోసా లేదు. అలాంటిచోట వేటగాడి చేతిలో డబ్బు లేకుండా చేసి, "మీరు కూరగాయలు తినొచ్చుగా" అనగలిగేవాళ్లకి ఒక్క మాట. మా క్లబ్బులో సీల్ కోసం కళ్లు తుడుచుకున్నవాళ్లలో సగంమంది ఆ తర్వాత నాతోపాటే బిర్యానీకి వచ్చారు. నేనూ తిన్నాను. కోడికి ఫొటోగ్రాఫరు దొరకలేదు, అంతే తేడా.

శాస్త్రం మాటేంటంటారా? నేను లెక్కలతో బతికేవాణ్ని, శాస్త్రం మీద నాకు గౌరవమే. అందుకే ఈ లెక్క చెప్తాను. అలాస్కాలో ఇన్యూట్ల బంధుజాతి ఇన్యూపియాట్లు బోహెడ్ తిమింగలాల్ని వేటాడతారు. అవి రెండు వేల లోపే మిగిలాయని అంచనా వేసి 1977లో అంతర్జాతీయ తిమింగల సంఘం ఆ వేటని నిషేధించబోయింది. వేటగాళ్లు ఒప్పుకోలేదు. "మీరు మంచు చీలికల దగ్గర కనబడేవాటినే లెక్కపెడుతున్నారు. అవి మంచు కిందనుంచి కూడా వెళ్తాయి, పైమంచు పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి" అన్నారు. తర్వాత నీళ్లలో మైకులు దించి వింటే వాళ్లు చెప్పిందే నిజమైంది. 2011 లెక్కకి దాదాపు 17 వేలు. అందులో కొంత నిజంగా పెరిగిన సంఖ్య. కానీ మొదటి తప్పు చూపులోదే. లాగ్‌లో పడనిది జరగనే లేదనుకునే జూనియర్ ఇంజినీరు తప్పు అది. నేనూ చేసిన తప్పే. ఆ సముద్రం మీద తరతరాలుగా బతికినవాళ్ల మాట డేటా కాదు, మన బైనాక్యులర్‌లో పడింది మాత్రం డేటా!

ఇలా రాస్తే ఇన్యూట్లని దేవుళ్లని చేస్తున్నానని మీకు అనిపించొచ్చు. కాదు. అదీ నానూక్ చూపే. వాళ్లలో వాళ్లకి తగువులున్నాయి. బాఫిన్ దీవిలో మేరీ రివర్ ఇనుప గనిని విస్తరిస్తే ఓడల రద్దీకి నార్వాల్ తిమింగలాలు పారిపోతాయని 2021లో కొందరు వేటగాళ్లు గని విమానాల దారికి అడ్డంగా కూర్చున్నారు. ఆ గని ఉద్యోగాలు కావాలన్న ఇన్యూట్లు కూడా ఉన్నారు. 2022లో ప్రభుత్వం ఆ విస్తరణని తిరస్కరించింది. ఇది రాజకీయం. రాజకీయం ఉన్నచోట మనుషులున్నట్టు.

వాతావరణం వేడెక్కడం, సముద్రపు మంచు తగ్గడం నిజం. ఎలుగుకి ముప్పు నిజం. కానీ మంచు అంటే వేటగాడికి రోడ్డు కూడా. 2005లోనే షీలా వాట్-క్లూటియే అనే ఇన్యూట్ నాయకురాలు అమెరికా వదిలే పొగవల్ల తమ మానవహక్కులు దెబ్బతింటున్నాయని అంతర్-అమెరికా మానవహక్కుల కమిషన్‌కి అర్జీ పెట్టింది. చలిగా ఉండటం మా హక్కు అంది. మన పోస్టర్ మీద మాత్రం ఆమె లేదు, ఎలుగే ఉంది.

ఇక సాహిత్యం మాట. "ఎస్కిమోలకి మంచుకి యాభై మాటలున్నాయట" అని తెలియని తెలుగు రచయిత లేడు. ఇనుక్టిటుట్‌లో ఒక ధాతువుకి వరసగా ప్రత్యయాలు అతికించి వాక్యమంత మాట చెయ్యొచ్చు. అలాంటి భాషలో మాటల్ని లెక్కపెట్టడమే అర్థంలేని పని. ఆ సంగతి అందరికంటే ముందు మనకి వెలగాలి. "వచ్చేస్తున్నాడేమోననుకున్నాను" అన్నది ఎన్ని మాటలో చెప్పండి. మంచుకి యాభై మాటలు తెలిసిన మనకి ఆ భాషలో రాసిన ఒక్క రచయిత పేరు తెలియదు.

నేను చెప్తాను. మితియార్జుక్ నప్పాలుక్. 1950ల్లో అడిగింది మిషనరీలు. భాష నేర్చుకోవడానికి కొన్ని వాక్యాలు రాసిపెట్టమన్నారు. ఆవిడ వాక్యాలు దాటిపోయి "సనాక్" అనే నవల రాసింది. 1984లో అచ్చయింది, 2014లో ఇంగ్లీషులోకి వచ్చింది. అందులో వేట ఉంది, కుక్కలున్నాయి, పెళ్లాన్ని కొట్టే మొగుడూ ఉన్నాడు. "స్వచ్ఛమైన జీవితం" లేదు, జీవితం ఉంది. ఇంకో పేరు జకరయస్ కునుక్. పూర్తిగా ఇనుక్టిటుట్‌లో తీసిన ఆయన "అతనార్జువాత్" 2001లో కాన్‌లో కెమెరా డోర్ బహుమతి తెచ్చుకుంది. అలేథియా అర్నకుక్-బారిల్ 2016లో తీసిన "యాంగ్రీ ఇనుక్" చూస్తే సీల్ ఫొటో మళ్లీ అదే కంటితో చూడలేం.

ఫ్లాహర్టీ సినిమా చూడొద్దని నేననను. నా మాట ఇంతే: దాన్ని ఒంటరిగా వేయకండి, పక్కన కునుక్‌ని కూడా వేయండి. తెలుగులో ఆర్కిటిక్ గురించి రాసేవాళ్లు ఎలుగుల గురించి పది వాక్యాలు రాస్తే, ఒక ఇనుక్ చెప్పిన మాట ఒక్కటైనా రాయండి. ఎవరైనా "సనాక్"ని తెలుగు చెయ్యండి, ప్రూఫులు నేను దిద్దిపెడతాను.

కరపత్రం మళ్లీ రాసి క్లబ్బుకి పంపించాను. "కల్తీలేని" అన్న మాట కొట్టేశాను. మొదటి వాక్యం ఇలా పెట్టాను: ఈ సినిమాలో కనబడే మనిషి పేరు అల్లకరియాల్లక్.