పారబోసిన చోటే పునాది

1980 చలికాలం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో చీకో అనే ఊరు. అక్కడో రేకుల షెడ్డు. లోపల ఇద్దరు కుర్రాళ్లు. తాము తయారుచేసిన బీరును రుచి చూశారు. బాగానే ఉంది. కానీ కిందటిసారి చేసినట్టు లేదు. అంతే, తొట్టెలో ఉన్నదంతా కాలువలోకి వదిలేశారు. ఒక్కో వంటకు వెయ్యి లీటర్ల పైమాటే!

అలా ఒకసారి కాదు, దాదాపు పదిసార్లు చేశారు. పోయింది బీరు మాత్రమే కాదు. అమ్మానాన్నలు, బంధువులు, స్నేహితులు నమ్మి చేతిలో పెట్టిన అప్పు. ఇంతవరకూ ఒక్క సీసా కూడా అమ్మలేదు. అయినా సరే, ‘ఈసారికి ఇలా అమ్మేద్దాం’ అనుకోలేదు. ఆ ఇద్దరిలో ఒకడు కెన్ గ్రాస్‌మన్, రెండోవాడు పాల్ కముసి. ఆ షెడ్డే తర్వాత సియెరా నెవాడా బ్రూయింగ్ కంపెనీ అయింది.

పక్కింటి వాసన

గ్రాస్‌మన్ పెరిగింది లాస్‌ఏంజెలిస్ శివార్లలో. స్నేహితుడి తండ్రికి ఇంట్లోనే బీరు కాచుకునే అలవాటు. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా వచ్చే వాసన, తొట్టెలో లేచే బుడగలు పిల్లవాణ్ని కట్టిపడేశాయి. చేతికి దొరికిన ప్రతి యంత్రాన్నీ విప్పి చూసే రకం మరి. చదువు కోసం చీకో చేరాడు. రసాయన, భౌతిక శాస్త్రాలు చదువుతూ సైకిల్ దుకాణాల్లో మరమ్మతులు చేశాడు. 1976లో సొంతంగా ఓ చిన్న కొట్టు పెట్టాడు. ఇంట్లో బీరు, వైను చేసుకునేవాళ్లకు కావలసిన సరంజామా అమ్మడమే దాని పని.

ఇందులో ఓ తమాషా ఉంది. అమెరికాలో మద్యనిషేధం 1933లో ఎత్తేశాక ఇంట్లో వైను చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంది. బీరు సంగతి మాత్రం వదిలేసింది. ఆ లోటు సరిదిద్దే బిల్లుపై అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1978 అక్టోబరులో సంతకం చేశాడు. 1979 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటికి ఆ దేశంలో బీరు కర్మాగారాలు వందలోపే. అన్నిట్లోనూ ఇంచుమించు ఒకే రకం, నీళ్లలాంటి తేలిక బీరు.

కొట్టు నడుస్తోంది కానీ మిగిలేది అంతంతమాత్రం. ‘సరంజామా అమ్మే బదులు మనమే బీరు చేసి అమ్మితే?’ అనిపించింది. కొట్టు ద్వారా పరిచయమైన కముసి చేయి కలిపాడు.

చూసి నేర్చిన లెక్క

అదే రాష్ట్రంలోని సొనోమాలో జాక్ మెకాలిఫ్ అనే ఆయన 1976లో న్యూ ఆల్బియన్ అనే బుల్లి బ్రూవరీ పెట్టాడు. గ్రాస్‌మన్ వెళ్లి చూశాడు. ఉత్సాహమూ వచ్చింది, భయమూ వేసింది. అక్కడ ఒక్కో వంటకు 170 లీటర్లు మించి రావడం లేదు. కాచేటప్పుడు 170 లీటర్లకైనా, 1,000 లీటర్లకైనా మనిషి పడే చాకిరీ ఇంచుమించు ఒకటే. కడగడం, కాయడం, చల్లార్చడం, మళ్లీ కడగడం... సరుకు మాత్రం ఆరో వంతు. బీరుకు పేరొచ్చినా లెక్క కుదరక 1982లో న్యూ ఆల్బియన్ మూతపడింది. గ్రాస్‌మన్ మాత్రం ముందే జాగ్రత్తపడి, తన తొట్టెను పది పీపాలకు, అంటే సుమారు 1,170 లీటర్లకు లెక్కేసుకున్నాడు.

మరి డబ్బు? బ్యాంకులు ముఖం తిప్పుకున్నాయి. 50 వేల డాలర్లు చాలనుకున్నది చివరికి లక్ష దాకా అయింది. అంతా అయినవాళ్ల దగ్గర చేబదులే. కొత్త యంత్రాలు కొనే తాహతు లేదు. పైగా అంత చిన్న బ్రూవరీకి సరిపడే యంత్రాలు ఆ రోజుల్లో ఎవరూ చేసేవారు కాదు. దాంతో పాత ఇనుప సామాన్ల దుకాణాలు గాలించారు. మూతపడ్డ పాల డెయిరీల స్టీలు తొట్టెలు, శీతల పానీయాల వాళ్లు వదిలేసిన సీసాలు నింపే యంత్రం తెచ్చారు. వెల్డింగ్ నేర్చుకుని గ్రాస్‌మన్ తన చేతులతోనే అతికాడు.

ఇడ్లీ పిండి పాఠం

1980 నవంబరు 15న తొలిసారి పొయ్యి వెలిగింది. ముందు నల్లటి స్టౌట్ చేశారు. తర్వాత అసలు సరుకు... పేల్ ఏల్. దీనికి వాడిన హాప్ పువ్వు పేరు కాస్కేడ్. ఒరెగాన్ శాస్త్రవేత్తలు రూపొందించగా 1972లో బయటికొచ్చిన రకం. పంపరపనస తొక్క నలిపితే వచ్చేలాంటి వాసన దానిది.

చిక్కు ఇక్కడే వచ్చింది. మన ఇళ్లలో ఇడ్లీ పిండి చూడండి. అవే పాళ్లు, అదే గిన్నె. అయినా నిన్న పొంగినట్టు ఇవాళ పొంగదు. ఇంట్లో అయితే ‘ఇవాళ కాస్త గట్టిపడ్డాయి’ అని చట్నీ ఎక్కువ వేసుకుని తినేస్తాం. హోటల్‌లో అయితే? రెండోసారి ఆ గడప తొక్కం. ఇంట్లో చేసుకునే బీరుకూ, అమ్మే బీరుకూ తేడా అదే. ఒకసారి అద్భుతంగా రావడం గొప్ప కాదు, ప్రతిసారీ ఒకేలా రావాలి.

చివరికి లోపం ఎక్కడుందో దొరికింది. పులియబెట్టే ఈస్ట్‌కు మొదట్లో తగినంత ప్రాణవాయువు కావాలి. అది అందకపోతే ఈస్ట్ సరిగా పెరగదు, పులవడం నెమ్మదిస్తుంది, రుచి మారిపోతుంది. చిన్న బుడ్డీని చేత్తో ఊపితే గాలి కలుస్తుంది. వెయ్యి లీటర్ల తొట్టెను ఊపగలమా? గాలి కలిసే ఏర్పాటు చేశాక వరసగా వంటలు కుదిరాయి. 1981లో తొలి పేల్ ఏల్ సీసాలు బజారుకు వెళ్లాయి.

ఆ తర్వాతా పూలబాట కాదు. జర్మనీలో మూతపడ్డ ఓ బ్రూవరీ నుంచి రాగి కాగులు కొనుక్కొచ్చారు. వాటిని నిలబెట్టే స్థోమత లేక ఏళ్ల తరబడి అలాగే ఉంచేశారు. 1980ల చివర్లో కొత్త భవనం కట్టాకే అవి పొయ్యెక్కాయి. విస్తరణ విషయంలో భాగస్వాములిద్దరి దారులు వేరవడంతో 1998లో కముసి వాటాను గ్రాస్‌మన్ కొనేశాడు. మళ్లీ అప్పే! నేడు అది అమెరికాలోని పెద్ద క్రాఫ్ట్ బ్రూవరీల్లో ఒకటి. ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

2018 నవంబరులో చీకో పక్కనే ఉన్న పారడైజ్ ఊరు కార్చిచ్చుకు బుగ్గి అయింది. 85 మంది చనిపోయారు. సియెరా నెవాడా ఓ ప్రత్యేక బీరు చేసి, అమ్మిన సొమ్మంతా బాధితులకే అంది. తయారీ విధానాన్ని అందరికీ ఇచ్చేసి, మీరూ చేయండని తోటి బ్రూవరీలను అడిగింది. 1,400కు పైగా ముందుకొచ్చాయి. ఒకప్పుడు అయినవాళ్ల అప్పుతో నిలబడ్డ షెడ్డు అది.

ఈ దారి మన దగ్గర ఉన్నదున్నట్టు నడవదు. లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారీ ఇక్కడ నేరం. తెలంగాణ 2015లో నిబంధనలు తెచ్చాకే హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలకు తలుపు తెరుచుకుంది. సారాకు ఎదురుతిరిగిన దూబగుంట మహిళల పోరాటం చూసిన నేల ఇది. తాగుడు తెచ్చే కష్టం ఎవరూ చెప్పనక్కర్లేదు.

కానీ పచ్చళ్లు పెట్టే అత్తయ్యకూ, కేకులు చేసే కోడలికీ ఆ షెడ్డులో ఓ పాఠం ఉంది. ‘నీ చేతి వంట అమృతం, కొట్టు పెట్టుకోరాదూ’ అని నలుగురూ అంటారు. పెట్టొచ్చు. కాకపోతే ముందు ఓ ప్రశ్న వేసుకోవాలి. జాడీ నిండా పెట్టిన ఆవకాయ ఒక వీసం తేడా వచ్చిన రోజున, అప్పు నెత్తిన ఉండగా, దాన్ని పారబోయగలమా?