ఎవరో వచ్చి కట్టినవి కావు

అమెరికాలోని న్యూమెక్సికోలో పెద్ద రాతి శిథిలాలు కనపడగానే, అవి మెక్సికో ఆజ్టెక్‌లు కట్టినవేనని పంతొమ్మిదో శతాబ్దపు తెల్లవాళ్లు తీర్మానించేశారు. అక్కడి ఆదివాసులకు అంత పనితనం ఎక్కడిదన్నది వాళ్ల లెక్క. ‘ఆజ్టెక్ రూయిన్స్’ అన్న పేరు నేటికీ అలాగే ఉంది. వాటిని నిజంగా కట్టిన ప్యూబ్లో ఆదివాసుల పూర్వీకులు ఎక్కడినుంచో ఊడిపడి, ఒకనాడు మాయమైపోయారన్న కథా చావలేదు.

ఈ కథకు శాస్త్రం ముసుగు కూడా వేశారు. 1893లో రిచర్డ్ వెథెరిల్ అనే పశువుల పెంపకందారు యూటాలో ఒక గుహ తవ్వితే పాత సమాధులు బయటపడ్డాయి. వాటిలో కుండలు లేవు, చక్కటి బుట్టలున్నాయి. పుర్రెలేమో పొడవైనవి. తర్వాతి కాలపు పుర్రెలు వెనక చదునుగా ఉంటాయి. ఇంకేం, బుట్టలవాళ్లు వేరే జాతి, ఇళ్లు కట్టినవాళ్లు వేరే జాతి అన్నారు. ఈ మాట దశాబ్దాలపాటు నడిచింది. తీరా చూస్తే, తర్వాతి తరాల తల్లులు పసిబిడ్డలను గట్టి చెక్క పలకకు కట్టి పడుకోబెట్టేవారు. లేత పుర్రె వెనక భాగం దానికి అణిగి చదునైంది. మారింది జాతి కాదు, పిల్లల్ని పడుకోబెట్టే తీరు. బిడ్డను పెంచిన ఏ ముసలమ్మను అడిగినా చెప్పేది!

మొక్కజొన్న మెక్సికో నుంచే వచ్చింది, కాదనను. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట. పడమటి బుట్టలవాళ్లలో కొందరు ఆ విత్తనంతోపాటు దక్షిణాన్నుంచి వచ్చినవాళ్ల సంతతే కావచ్చు. తూర్పున కొలరాడోలోని డురాంగో వైపువాళ్లు అక్కడి వేటగాళ్ల వారసుల్లా కనిపిస్తారు. అయితే వాన తక్కువై, మంచు తొందరగా పడే ఆ కొలరాడో పీఠభూమిలో పంట తీయడం విత్తనంతో పాటు వచ్చే విద్య కాదు. ప్యూబ్లో ప్రజల్లో ఒకరైన హోపీ రైతులు ఇప్పటికీ కర్రతో లోతుగా గుంట చేసి, అడుగున తడి తగిలేచోట గింజ వేస్తారు. క్రీ.శ. 500 ప్రాంతానికి కుండలు, విల్లు, చిక్కుళ్లు వాడుకలోకి వచ్చాయి. గంటలకొద్దీ ఉడకాల్సిన గింజకు కుండ ఎంత అవసరమో చెప్పాలా? ఆపైన గుంట ఇళ్ల నుంచి నేలమీది గదుల వరుసలకు వచ్చారు. పాత గుంట ఇల్లు కీవాగా, పూజలు, సమావేశాల చోటుగా మిగిలింది. న్యూమెక్సికోలోని చాకో లోయలో ఆరువందలకు పైగా గదులున్న ప్యూబ్లో బొనీటో అనే కట్టడం మొదలైంది తొమ్మిదో శతాబ్దంలో. అప్పటికి ఈ సేద్యానికి వేల ఏళ్ల వయసు.

మరి చాకోలో మెక్సికో వైపు నుంచి వచ్చిన కోకో ఆనవాళ్లు, రామచిలకల ఎముకలు దొరికాయి కదా అంటారు. దొరికాయి. దూరాన్నుంచి సరుకు తెప్పించుకున్నారు, అంతే.

న్యూమెక్సికోలోని పికురిస్ ప్యూబ్లోవాళ్లు చాకో తమ పూర్వీకులదని ఎప్పటినుంచో చెబుతున్నారు. వాళ్లే పూనుకుని చేయించిన జన్యు పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ బంధుత్వం నిజమేనని తేల్చింది. చాకో చుట్టూ చమురు, గ్యాస్ తవ్వకాలపై నిర్ణయాలు జరిగేచోట తమ మాట వినాలని వాళ్లిప్పుడు అడుగుతున్నారు.