నాయకుడు వెళ్ళిపోయిన తరువాత

ఇంగ్లీషు నుండి తెలుగు చేసేవారిని తికమకపెట్టే మాటలలో ‘మినిస్ట్రీ’ ఒకటి. పత్రికా భాషలో అది మంత్రిత్వశాఖ. క్రైస్తవ సంఘాల భాషలో పరిచర్య. పరిచర్య అన్నప్పుడు మన చెవికి తోచేది అధికారం కాదు, ఒకరి అవసరం కనిపెట్టి చేసే సేవ. అయితే యువజన పరిచర్య పేరిట అనేకచోట్ల జరుగుతున్న దానిని చూచినప్పుడు మొదటి అర్థమే సరియైనదేమో అన్న అనుమానం కలుగుతుంది. ఎత్తయిన వేదిక, ధ్వనివర్ధకాలు, మధ్యలో ఒక వక్త, ఆయన ఛాయాచిత్రం పెద్దదిగా అచ్చువేసిన కరపత్రం. ఆ వక్త మరొక ఊరికి తరలిపోయిన మరుసటి సంవత్సరం, ఆనాడు చేతులెత్తిన యువకులు ఎక్కడున్నారో ఆరా తీసేవారు ఉండరు.

క్రైస్తవ యువకులను ఒకచోట చేర్చి, వారిలో ఆరోగ్యకరమైన, నాలుగు కాలాలపాటు నిలిచే అలవాట్లు పెంచడం ఎట్లా? ఈ ప్రశ్న కొత్తది కాదు. తపతీ తీరాన ఉన్న సూరత్ నగరం దీనిని మూడున్నర శతాబ్దాలకు పైగా ఎరుగును.

పదిహేడవ శతాబ్దంలో సూరత్‌లోని ఇంగ్లీషు వర్తకస్థావరం ఒక విధంగా యువకుల వసతిగృహమే. ఈస్టిండియా కంపెనీ కొలువుకు వచ్చేవారిలో చాలామంది మీసాలు రాని కుర్రవాళ్ళు. 1656లో స్ట్రైన్‌షామ్ మాస్టర్ తన దగ్గరి బంధువైన జార్జి ఆక్సెండెన్ వెంట సూరత్‌కు బయలుదేరేనాటికి అతనికి పదహారేళ్ళు నిండలేదు. ఇటువంటి బాలురను క్రమంలో ఉంచడానికి కంపెనీ ఒక మతగురువును నియమించేది. 1690లో ఆ పదవిలో సూరత్ చేరిన జాన్ ఓవింగ్టన్ తరువాత ప్రకటించిన యాత్రాగ్రంథంలో ఆ దినచర్య వర్ణించాడు. ఉదయం ఆరు గంటలకు, పనిలోకి దిగకముందే ప్రార్థన; రాత్రి ఎనిమిదింటికి పని ముగిసిన పిమ్మట మళ్ళీ ప్రార్థన; ఆదివారం మూడుసార్లు.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని సూరత్‌లో పెరిగి పెద్దవాడైన ఆ మాస్టరే, 1679లో బెంగాల్‌లోని కంపెనీ స్థావరాలకు నియమావళి రచించినప్పుడు, ప్రార్థనకు రానివారికి జరిమానా విధించాడు. అబద్ధమాడితే జరిమానా, ఒట్లు పెట్టి దుర్భాషలాడితే జరిమానా, త్రాగి తూలితే జరిమానా, రాత్రి తొమ్మిది దాటినాక బయట తిరిగితే జరిమానా. ఈ పట్టిక పొడవును బట్టి ఆ తప్పులు ఎంత తరచుగా జరిగేవో ఊహించుకోవచ్చు. ఆ ప్రార్థనామందిరంలో పెరిగిన భక్తి ఏమైనదో చరిత్ర చెప్పదు. ఆక్సెండెన్ సోదరుల సమాధిపై కట్టిన గుమ్మటాలు మాత్రం సూరత్‌లోని ఇంగ్లీషువారి శ్మశానవాటికలో నేటికీ నిలిచి ఉన్నాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన పని అదే నగరంలో 1815లో మొదలయింది. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జేమ్స్ స్కిన్నర్, విలియమ్ ఫైవీ అనే ఇద్దరు వచ్చి గుజరాతీ నేర్చుకున్నారు. 1820ల తొలినాళ్ళలో వారి గుజరాతీ క్రొత్త నిబంధన సూరత్‌లోనే అచ్చయింది. (ఆ సొసైటీవారే అంతకు పదేళ్ళ ముందు, 1805లో, విశాఖపట్నం చేరి తెలుగు అనువాదానికి పూనుకున్నారు.) స్కిన్నర్ 1821లోనే కన్నుమూశాడు. 1840లలో సొసైటీ సూరత్ విడిచి తన పనిని ఐర్లండ్ ప్రెస్బిటేరియన్లకు అప్పగించింది. మనుషులు మారారు, సంస్థ మారింది. జనం తమ నుడిలో చదవడం మొదలుపెట్టిన పుస్తకం మాత్రం ఎవరి వెంటా వెళ్ళలేదు. అనువాదకుణ్ణి గనుక ఈ ఉదాహరణను కొంచెం ఎక్కువ మక్కువతో చెబుతున్నానేమో.

1844 జూన్ నెలలో పదహారు రోజుల తేడాతో రెండు సంఘాలు పుట్టాయి. జూన్ 6న లండన్‌లో జార్జి విలియమ్స్ అనే ఇరవైరెండేళ్ళ బట్టలకొట్టు గుమాస్తా, తనవంటి మరి కొందరితో కలిసి యువజన క్రైస్తవ సంఘం, అంటే మనం వై.ఎం.సి.ఎ. అని పిలిచే సంస్థను స్థాపించాడు. జూన్ 22న సూరత్‌లో బడిపంతులు దుర్గారాం మెహతాజీ, దాదోబా పాండురంగ్ మొదలైనవారు మానవధర్మ సభను నెలకొల్పారు. రెండవది క్రైస్తవ సంఘం కాదు. మిషనరీల విమర్శలకు హిందూ సమాజం లోపలినుండే సమాధానం వెదకినవారి సభ. కులభేదాలను, మంత్రతంత్రాలపై నమ్మకాన్ని అది ధైర్యంగా ఎదిరించింది. ఆలోచనలో అది లండన్ గుమాస్తాల సంఘానికి ఏమాత్రం తీసిపోదు. సాహసంలో మించినది కూడాను. కాని 1846లో దాదోబా బొంబాయికి బదిలీ అయ్యాడు. 1852లో దుర్గారాం రాజకోటకు వెళ్ళాడు. అంతటితో సభ ఆగిపోయింది.

విలియమ్స్ సంఘం ఎందుకు ఆగలేదు? అతడు గొప్ప వక్త కాడు, పండితుడు అసలే కాడు. ఆ గుమాస్తాలు ప్రొద్దు పొడిచింది మొదలు రాత్రి వరకు కొట్లో నిలబడి, రాత్రికి ఆ కొట్టు మేడమీది గదులలోనే ఇరుక్కుని పడుకునేవారు. కూటం పుట్టింది ఆ గదులలోనే. వారి పనివేళలు ఎరిగినవారే వేళ నిర్ణయించారు. ఒక కొట్టు గుమాస్తా పక్క కొట్టుకు మారితే అక్కడ మరొక కూటం మొదలయ్యేది. అంటే మనిషి వెళ్ళిపోవడం నష్టం కాక విస్తరణ అయింది. 1905లో విలియమ్స్ మరణించేనాటికి ఆ సంఘం ఖండాంతరాలకు వ్యాపించి ఉన్నది. ఇంకొక సంగతి కూడా ఒప్పుకోవాలి. నేడు ఆ పేరు చెబితే మనలో చాలామందికి తోచేది వసతిగృహం, బాస్కెట్‌బాల్ మైదానం. బైబిలు పఠనం కాదు. నిలవడం ఒకటి, నిలిచి మొదటి పనిమీదనే ఉండడం మరొకటి. సూరత్ సభకు కూడా న్యాయం చేయాలి. సభ పోయినా దాదోబా బొంబాయిలో పరమహంస సభకు ప్రాణం పోశాడు. సంస్కరణ మాట చచ్చిపోలేదు.

ఆ వై.ఎం.సి.ఎ. నుండే మన తెలుగునేలకు ఒక మనిషి వచ్చాడు. తిరునెల్వేలి జిల్లాలో పుట్టిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1895లో, ఇరవై ఒక్క ఏట, ఆ సంఘంలో కార్యదర్శిగా చేరి పద్నాలుగేళ్ళు దక్షిణదేశపు విద్యార్థుల మధ్య తిరిగాడు. 1902లో యాళ్పాణం, అంటే జాఫ్నా వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సొంత మనుషులను పంపి సేవ చేయించడం చూచాడు. మరుసటి సంవత్సరమే తిరునెల్వేలిలో భారత మిషనరీ సంఘం ఏర్పడింది. ఆ సంఘం ఎన్నుకున్న క్షేత్రం నిజాం రాజ్యంలోని డోర్నకల్. యువకులకు ఉపన్యాసాలిచ్చి పంపేసిన మనిషి అయితే అంతటితో ఊరకుండేవాడు. అజరయ్య 1909లో మద్రాసు కొలువు విడిచి, తెలుగు నేర్చుకుని, డోర్నకల్ చేరాడు. 1912లో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన.

1910లో ఎడింబరో మహాసభలో ఆయన చేసిన ప్రసంగం అక్కడి దొరలకు కంటగింపయింది. మిషనరీల త్యాగానికి కృతజ్ఞత చెబుతూనే, మాకు మీ దానం కన్న మీ స్నేహం కావాలని ఆయన అడిగాడు. యువజన పరిచర్య అంతా ఈ ఒక్క కోరికలో ఇమిడి ఉన్నదని నా నమ్మకం. యువకుడు మొదట కనిపెట్టేది ఎదుటివాడి బోధను కాదు, ఆ మనిషి తనను ఎక్కడ కూర్చోబెడుతున్నాడన్నదానిని.

డోర్నకల్‌లో అజరయ్య చేసిన పనిలో ఆర్భాటం లేదు. పల్లెలకు ఉపాధ్యాయులుగా వెళ్ళవలసిన యువకులను వారి భార్యలతో సహా రప్పించి ఇద్దరికీ శిక్షణ ఇప్పించాడు. భర్త మాత్రమే చదువుకుని భార్య కుండల దగ్గర మిగిలిపోతే ఆ ఇంట్లో ఏ సంస్కృతీ నిలవదని ఆయనకు తెలుసు. పాటలు, పండుగలు ఊరి పద్ధతిలోనే సాగనిచ్చాడు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ దేవాలయం చూచినవారికి హిందూ, మహమ్మదీయ, క్రైస్తవ శిల్పరీతులు ఒకేచోట కనిపిస్తాయి. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశాడు. ఆయన ఎంతో పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆ నిర్మాణాన్ని ముగించినది ఆయన వెనుకటివారు.

ఇప్పుడు మళ్ళీ సూరత్‌కు వద్దాం. నేటి సూరత్ బట్టల నగరం, వలసల నగరం. లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన నేతపనివారి కుటుంబాలు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతున్నది. ఇక్కడి తెలుగువారిలో క్రైస్తవులు కొద్దిమందే. వలస నగరాలన్నిటిలో వలెనే వారి కూటాలు చిన్నవి, తరచు అద్దె గదులలో జరిగేవి. మరమగ్గాల మీద పనిచేసే యువకుడికి పన్నెండు గంటల షిఫ్టు. ఒకవారం పగలు, ఒకవారం రాత్రి. ఆదివారం పదిగంటలకు కూటం అని గోడమీద వ్రాసిపెట్టి, రానివానికి భక్తి లేదనడం మాస్టర్ దొర జరిమానాకు తోబుట్టువే. షిఫ్టు మారే వేళకు అరగంట కూర్చునే కూటం, పదిమందే అయినా, వాడికి ఎక్కువ పనికివస్తుంది.

భాష సంగతి ఇంకా సున్నితమైనది. తల్లిదండ్రులు తెలుగు కీర్తన పాడుతారు. బిడ్డ వీధిలో హిందీ, బడిలో గుజరాతీ లేక ఇంగ్లీషు మాట్లాడుతాడు. తెలుగు చదవలేని కుర్రవాణ్ణి అందరిముందు నిలబెట్టి వాక్యం చదవమని సిగ్గుపరచిన పెద్దలను చూచాను. ఆ కుర్రవాడు మరి రాలేదు. తెలుగు కీర్తనను గుజరాతీ లిపిలో వ్రాసి చేతికిచ్చినచోట పిల్లలు పాడుతున్నారు, పాడుతూ తెలుగు నేర్చుకుంటున్నారు. భాషాభిమానులు నా మీద కోపగించవచ్చు; లిపికన్న ముందు పాట బ్రతకాలి. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి వంగదేశపు వంశంలో, ఒరియా సీమలో పుట్టినవాడన్నది మరచిపోరాదు.

ఇక ఆరోగ్యం. ఏ యువజన కూటంలోనైనా చెడుగు తలుపులు మూసినచోట మొదలవుతుంది. కానుకల పెట్టె ఇద్దరు విప్పి లెక్కించాలి, లెక్క అందరిముందు చదవాలి. పెద్దవారెవరూ ఒక బాలుడితో గాని బాలికతో గాని మూసిన గదిలో ఒంటరిగా ఉండరాదు. అది ఆ పెద్దమనిషి మీద అనుమానం కాదు, అందరికీ వర్తించే కట్టుబాటు అయితే ఎవరూ నొచ్చుకోరు. నాయకుణ్ణి ప్రశ్నించడం దేవుణ్ణి ప్రశ్నించడమని నేర్పిన కూటంలో ఈ కట్టుబాట్లేవీ పనిచేయవు. ఆడపిల్లల మాట వేరే చెప్పనక్కరలేదు. పాటలకు, ఫలహారాలకు వారు, తీర్మానాలకు మగపిల్లలు. ఈ విభజన సూరత్‌లోనే కాదు, విజయవాడలోనూ ఉన్నది.

నేనెరిగిన ఒక కూటంలో కార్యదర్శిత్వం ఆరునెలలకొకసారి మారుతుంది. హాజరుపట్టీ, జమాఖర్చుల పుస్తకం రెండూ క్రొత్తవారి చేతికి వస్తాయి. మొదటి నెల పాతవారు ప్రక్కన కూర్చుంటారు, ఆపైన కూర్చోరు. వ్రాతలో తప్పులుంటాయి, కూడికలు తప్పుతాయి. పనికోసం ముంబయికో, సూరత్‌కో వెళ్ళే కుర్రవాడికి ఆ ఊరిలో తెలిసిన కుటుంబం చిరునామా కాగితం మీద వ్రాసి ఇస్తారు. నెలలోపు ఆ కుటుంబానికి ఉత్తరమో, టెలిఫోనో వెళుతుంది, కుర్రవాడు వచ్చాడా, భోజనం ఎక్కడ చేస్తున్నాడని.