గర్భవతికి చక్కెర పరీక్ష: ఇంటి పెద్దల కర్తవ్యం

కడుపులోని బిడ్డ అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. ఆ అమానత్‌ను కాపాడే భారాన్ని గర్భవతి ఒక్కదాని నెత్తిన పెట్టి, అత్తామామలు, భర్త పక్కకు తప్పుకోవడం మన ఇళ్లలో తరచుగా కనిపిస్తుంది. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే చక్కెర వ్యాధి విషయంలో ఈ నిర్లక్ష్యం వల్ల నష్టపోయేది తల్లీబిడ్డలే.

గర్భిణిలో మావి నుంచి వెలువడే కొన్ని హార్మోన్లు ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. ఆ లోటు తీరేంత ఇన్సులిన్ శరీరంలో తయారు కాకపోతే రక్తంలో చక్కెర పెరుగుతుంది. చాలామందికి ఏ బాధా తెలియదు. బాధ లేదు కదా అని ఊరుకుంటే బిడ్డ మితిమీరి పెరిగి కాన్పు కష్టం కావచ్చు. పుట్టిన కొద్ది గంటల్లోనే బిడ్డకు చక్కెర పడిపోయే ప్రమాదమూ ఉంది.

పరీక్ష మాత్రం చాలా తేలిక. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిని కేంద్ర ప్రభుత్వం 2014లో తన మార్గదర్శకాల్లో చేర్చింది. 75 గ్రాముల గ్లూకోజును నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తం పరీక్షిస్తారు. పరగడుపున ఉండనక్కరలేదు. 140 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే చక్కెర ఉన్నట్టే. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి చేయించాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భవతులకు ఉచిత పరీక్షలు జరిపే పథకం 2016లో మొదలైంది. గూడూరు వారికి ఏరియా ఆసుపత్రి ఊళ్లోనే ఉంది. దూరమనే సాకు మనకు లేదు.

ఇక మన పెద్దలు చెప్పే అభ్యంతరాలు చూద్దాం. హజ్రత్ మర్యమ్ (అ) ప్రసవ సమయంలో ఖర్జూరాలు తిన్న వృత్తాంతం చూపి, కోడలికి రోజూ గుప్పెడు ఖర్జూరాలు పెడతారు. అది ఒంటరిగా పురిటి నొప్పులు పడుతున్న తల్లికి అల్లాహ్ చేసిన మేలు. చక్కెర ఉన్న గర్భవతి ఎన్ని తినవచ్చో డాక్టరునే అడగాలి. ఇద్దరి తిండి తినమని బలవంతం చేయకుండా అన్నం తగ్గించి పప్పు, ఆకుకూరలు, గుడ్లు, చేపలు పెట్టాలి. ఒకేసారి కాక కొద్దికొద్దిగా తినాలి. డాక్టరు కాదనకపోతే వరండాలోనో, మేడ మీదనో రోజూ నడవాలి.

రెండోది రోజా. రోగికి ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతి సూరె బఖరాలోనే ఉంది. గర్భవతికి, పాలిచ్చే తల్లికి కూడా అల్లాహ్ సడలింపు ఇచ్చాడని దైవప్రవక్త (స) తెలిపారు. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ను వాడుకున్న కోడలిని దెప్పిపొడిచే హక్కు అత్తగారికి ఎక్కడిది? విడిచిన రోజాలను తర్వాత ఎలా పూర్తి చేయాలో ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

మూడోది ఇన్సులిన్. ఒకప్పుడు దాన్ని పంది, పశువుల క్లోమాల నుంచి తీసేవారు కనుక పెద్దల సంకోచం అర్థం చేసుకోదగినదే. కానీ సూక్ష్మజీవుల సాయంతో తయారు చేసే మానవ ఇన్సులిన్ 1982లోనే వాడుకలోకి వచ్చింది. నేడు సాధారణంగా ఇచ్చేది ఈ విధంగా తయారైనదే. అది మావి దాటి బిడ్డకు చేరదు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం తప్పదన్న భయమూ సరికాదు. గర్భంతో వచ్చిన చక్కెర అయితే కాన్పు తర్వాత చాలామందికి సూది ఆపేస్తారు.

కాన్పుతో బాధ్యత తీరిపోదు. బిడ్డకు మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలి. ఆరు వారాలకు తల్లికి మళ్లీ పరీక్ష చేయించాలి. మన ఇళ్లలో నలభయ్యో రోజున చిల్లా జరుపుతాం కదా. ఆ వారంలోనే ఈ పరీక్ష కూడా జరిపిస్తే మరచిపోము. ఒకసారి గర్భంలో చక్కెర వచ్చిన స్త్రీకి ముందు ముందు చక్కెర వ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. అందువల్ల ఏటా పరీక్ష తప్పనిసరి.

చికిత్స చేయించుకోమన్నది దైవప్రవక్త (స) బోధ. కనుక పరీక్ష రోజున భర్త పని మానుకుని అయినా భార్య వెంట వెళ్లాలి. అత్తగారు వంటింటి తీరు మార్చాలి. ఇమాములు జుమా ప్రసంగంలో ఈ విషయం ఒక్కసారైనా చెప్పాలి. మన ఇళ్లలోని తల్లీబిడ్డలను అల్లాహ్ చల్లగా కాపాడుగాక! ఆమీన్.