గాయం చెప్పుకునే ధైర్యం

1962 సెప్టెంబర్ 4. జకార్తాలోని సెనయాన్ స్టేడియం లక్షమందితో నిండిపోయింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్, దక్షిణ కొరియా తలపడుతున్నాయి. జనంలో మనవాళ్ల వైపు అరిచే గొంతులు చాలా తక్కువ. ఆ కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉన్నారు. తైవాన్, ఇజ్రాయెల్ క్రీడాకారులకు ఇండోనేసియా వీసాలు ఇవ్వలేదని మన క్రీడాధికారి జి.డి.సోంధీ అభ్యంతరం చెప్పారు. దానికి అక్కడి జనానికి వచ్చిన కోపమంతా ఈ పదకొండు మంది మీద పడింది. జాతీయగీతం మోగుతున్నప్పుడూ కేకలు ఆగలేదని ఆటగాళ్లు తర్వాత చెప్పుకొచ్చారు.

ఆ గీతానికి రవీంద్రుడు ఇంగ్లిషు అనువాదం చేసింది 1919 ఫిబ్రవరిలో, మన మదనపల్లె బెసెంట్ థియొసాఫికల్ కాలేజీలో. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరాలు రాసి పెట్టారు. మదనపల్లెవాళ్లు ఏటా ఆగస్టు 15న ఈ సంగతి తలచుకుని గర్వపడతారు. అదే పాటను హేళనల మధ్య నిలబడి విని, ఆపై గెలిచి వచ్చిన ఆటగాళ్లనూ తలచుకోవాలి.

ఆ రోజు బరిలోకి దిగిన జట్టు ఆరోగ్యంగా లేదు. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. డిఫెండర్‌గా ఆడే మనిషిని కోచ్ ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూ నుంచి అప్పుడే లేచాడు. పి.కె.బెనర్జీ ఒక గోల్, కుట్లు పడిన తలతోనే జర్నైల్ ఇంకో గోల్ కొట్టారు. 2-1తో బంగారు పతకం మనదైంది. వాళ్లను నడిపించిన హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 1963 జూన్ 11న కన్నుమూశారు. పతకం వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా ఒళ్లు గగుర్పొడుస్తుంది. కానీ దీన్నుంచి మన పిల్లలకు ఏం నేర్పుతున్నాం? దెబ్బ తగిలినా ఆడాలి, నొప్పి బయటికి చెప్పకూడదు అన్నదే నేర్పుతున్నాం. అక్కడే తప్పు జరుగుతోంది. ఆనాటి అంతర్జాతీయ పోటీల్లో ఆట మధ్యలో ఒకరి బదులు మరొకర్ని దించే వీలు సాధారణంగా ఉండేది కాదు. ప్రపంచ కప్‌లో సబ్‌స్టిట్యూట్‌లు వచ్చిందే 1970లో. ఇప్పుడు తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉన్నా ఆ ఆటగాణ్ణి బయటికి తీసుకుని అదనంగా ఇంకొకర్ని దించవచ్చని 2024 నుంచి ఫుట్‌బాల్ నియమావళిలోనే చేర్చారు. జర్నైల్ ధైర్యం నిజమైనదే, దానికి దండం పెట్టాలి. అలాంటి ధైర్యం ఎవరికీ అవసరపడకుండా చూసుకోవడం ఇప్పటివాళ్ల బాధ్యత.

ఆటగాళ్లకు ఒంటి దెబ్బలే కాదు, మాటల దెబ్బలూ తప్పవు. విమర్శ సంగతికి వస్తే, రహీం కంటే ఎక్కువ చవిచూసినవాళ్లు తక్కువ. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది ఆడింది ఒట్టి కాళ్లతో. ఆ ఓటమి తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి మెల్బోర్న్‌లో అదే రహీం జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. హెల్సింకి గురించి వచ్చిన మాటల్లో పనికొచ్చింది బూట్ల సంగతి, దాన్ని పట్టించుకున్నారు. జకార్తా జనం కేకల్లో పనికొచ్చేదేమీ లేదు, వాటిని వదిలేసి ఆట ఆడారు. ఏ మాట వినాలో, ఏది వదిలేయాలో ఆటగాడికి తెలియాలంటే పక్కన రహీం లాంటి పెద్దమనిషి ఉండాలి. ఇప్పటి పిల్లలకు ఫోన్ తెరిస్తే చాలు, వందమంది జకార్తా కేకలే వేస్తారు.

జకార్తా బంగారు జట్టులో ఇంకో హైదరాబాదీ తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. మెల్బోర్న్, రోమ్ ఒలింపిక్స్ రెండూ ఆడాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద, పెరూ మీద కూడా గోల్ కొట్టాడు. జకార్తాలో జపాన్ మీద కొట్టాడు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెన్ అయ్యాడు. ఎడమవైపు ఆడినా, మధ్యలో ఆడినా బంతి ఎటు వస్తుందో ముందే పసిగట్టగలవాడని చూసినవాళ్లు చెప్పేవారు. ఆ జట్టులోని చూనీ గోస్వామి, బెనర్జీ, బలరాం ముగ్గురి పేర్లూ ఒక్క ఊపిరిలో చెప్పుకునేవాళ్లు.

1963లో ఆయనకు ప్లూరసీ వచ్చింది. ఊపిరితిత్తుల పైపొర వాచి, గాలి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల్లో పోటు పొడుస్తుంది. కొందరికి నీరు కూడా చేరుతుంది. తొంభై నిమిషాలు పరుగెత్తాల్సిన మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ లేదు. ఇరవై ఏడేళ్లకే పెద్ద ఆట ముగిసిపోయింది. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు బతికి 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో పోయారు. 1962లోనే అర్జున పురస్కారం వచ్చింది కానీ పద్మ పురస్కారం చివరిదాకా రాలేదు. తనకు అన్యాయం జరిగిందన్న బాధను ఆయన దాచుకోలేదు, అడిగినవాళ్లకు సూటిగానే చెప్పారు. ఆ కోపం న్యాయమైనదే.

ఊపిరితిత్తుల జబ్బు అంటే మదనపల్లెకు కొత్త కాదు. పట్టణం పక్కనే ఆరోగ్యవరం ఉంది. డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ నడిపిన టీబీ శానిటోరియం 1915 నుంచి దక్షిణాది రోగులకు దిక్కుగా నిలిచింది. దగ్గు తగ్గకపోతే దాచకుండా వచ్చి చూపించుకోమని ఈ ప్రాంతంలో తరాలుగా చెబుతూనే ఉన్నారు. ఆటలో వచ్చే మోకాలి నొప్పి గురించి మాత్రం అలా చెప్పేవాళ్లు లేరు.

గాయాన్ని సరిగా చూసుకున్నదానికి ఇప్పటి ఉదాహరణ నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడడానికి వెళ్లారు. భాష రాని ఊరు, తెలియని తిండి, ఎముకలు కొరికే చలి. 2025లో దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ పురస్కారం ఆమెకే దక్కింది. ఆ ఏడాది జూన్, జూలై నెలల్లో థాయ్‌లాండ్‌లో జరిగిన ఆసియా కప్ అర్హత పోటీల్లో ఆమె ముక్కుకు గాయమైంది. జట్టు జూలై 5న థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించింది. అర్హత పోటీలు గెలిచి ఆసియా కప్‌కు వెళ్లడం మన మహిళలకు అదే మొదటిసారి. ఆమె గాయం మీద వైద్యబృందం మాటే చెల్లింది. 1962కీ ఇప్పటికీ తేడా అదే. ఆ తేడా జాతీయ జట్టు దాకానే వచ్చి ఆగిపోయింది, మన కుప్పం గ్రౌండుకు ఇంకా రాలేదు.

కుప్పం పిల్లవాడు రైలెక్కితే బంగారుపేట దాటుకుని బెంగళూరు చేరతాడు. అక్కడ క్లబ్బులున్నాయి, సెలక్షన్లున్నాయి. మదనపల్లె నుంచి కదిరి దాటి వెళ్తే అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ మైదానాలున్నాయి. దారులు దగ్గరే. ఆ దారి పట్టకముందే మోకాలు పోగొట్టుకుంటున్న పిల్లల్ని చూస్తేనే బాధ. పుంగనూరు వైపు ఎముక విరిగితే ముందు గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. ఎముక విరుపుకు ఆ కట్టు మీద జనానికి నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని తేలిగ్గా తీసిపారేయనక్కర్లేదు. కానీ మోకాలి లోపల లిగమెంట్ తెగితే అది పైకి కనిపించదు. వాపు రెండు వారాల్లో తగ్గుతుంది, పిల్లవాడు నయమైందనుకుని మళ్లీ దిగుతాడు, ఈసారి కీలులోని మెత్తటి ఎముక కూడా దెబ్బతింటుంది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు మళ్లీ మ్యాచ్ ఆడాలంటే కనీసం తొమ్మిది నెలలు ఆగాలని వైద్యులు చెబుతారు. ఆ తొమ్మిది నెలలూ రోజూ వ్యాయామం చేయించేవాడు కావాలి. తొడ కండరం తిరిగి బలం పుంజుకోకుండా కాలు బూటులో పెట్టనివ్వకూడదు.

పిల్లల గాయాలు చూసుకునే ఈ పని పెద్ద స్టేడియం కట్టేంత ఖర్చుది కాదు. కుప్పంలో పీఈఎస్ వైద్య కళాశాల ఉంది. మదనపల్లెలో ప్రభుత్వాసుపత్రి ఉంది. వారానికి ఒక సాయంత్రం ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు గ్రౌండుకు వచ్చి కూర్చునే ఏర్పాటు చేయండి. ప్రతి హైస్కూలు పీఈటీ దగ్గర ఐస్, క్రేప్ బ్యాండేజీ ఉంచండి. తలకు దెబ్బ తగిలిన పిల్లలను ఆ రోజు మళ్లీ ఆడనివ్వకండి, ఫైనల్ అయినా సరే. నొప్పిగా ఉందన్న పిల్లవాణ్ణి పిరికివాడని అనకండి. కలెక్టర్లు, జిల్లా క్రీడాధికారులు, కాలేజీ యాజమాన్యాలు వచ్చే టోర్నమెంటు లోపే దీన్ని మొదలుపెట్టాలి.