ప్రక్షిప్తాలు

మా అబ్బాయి మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు. పరీక్ష పోయిందేమో ననుకున్నాను. కాదట. పోయింది "స్కైరిమ్"! 2011లో వచ్చిన డ్రాగన్ల ఆట అది. మరుసటి యేడే కంపెనీవారు "క్రియేషన్ కిట్" ఉచితంగా ఇచ్చి, ఎవరికి తోచినట్టు వారు ఆటను దిద్దుకోండన్నారు. ఆ దిద్దుబాట్లే మాడ్లు.

"ప్రక్షిప్తాలన్నమాట! భారతంలోనూ పదిమంది చేతులు పడ్డాయి గదా," అన్నాను. "మరి ఒకే ఊరిని రెండు మాడ్లు మారిస్తే?"

"చివర లోడయిందే చెల్లుతుంది, నాన్నా."

మనవాడు ఒక్క రాత్రిలో అరవై ఎక్కించాడు. నచ్చనిదొకటి నడిమధ్యలో తీసేశాడు. నెల్లాళ్లుగా ఆడి దాచుకున్న ఆట కాస్తా తెరుచుకోవడం మానేసింది.

ఇద్దరం కూర్చుని మళ్లీ మొదలుపెట్టాం. మాడ్ వివరణ పూర్తిగా చదవడం; అది ఆట ఏ వెర్షనుకు తగినదో, ఇంకే మాడ్ల మీద ఆధారపడిందో చూడడం; పాత సేవ్ విడిగా దాచడం; ఒక్కొక్కటే ఎక్కించి, కాసేపు ఆడి చూడడం. కథ మధ్యలో దేన్నీ పీకరాదు. పీకక తప్పదంటే, అది ఎక్కించకముందటి సేవ్‌కు మళ్లాలి.

ఇప్పటికి పదకొండయ్యాయి. వాడు అన్నం తింటున్నాడు.

"తండ్రీకొడుకులకు ఎంత ఓర్పండీ!" అన్నది మా ఆవిడ. "మొన్న నా వంటింటి డబ్బాలన్నీ ఒక్క పూటలో సర్దేసినప్పుడు ఇదేమయింది?"

ఇంగువ డబ్బా ఇప్పటికీ దొరకలేదు.