ఈ నెల మాట: బండి

ఈ నెల ఒక పాత అమెరికా మోటారు సైకిల్‌ను చూస్తూ తెలుగు మాటలు నేర్చుకుందాం. దాని పేరు రోకాన్ ట్రెయిల్ బ్రేకర్.

1950ల చివర్లో కాలిఫోర్నియాలో చార్లీ ఫెన్ అనే ఆయన దీన్ని రూపొందించారు. 1960లలో ఇది రోకాన్ కంపెనీ చేతికి వచ్చింది. ఇది రోడ్డు మీద దూసుకుపోయే బండి కాదు. పొలానికి, అడవికి, కొండదారికి పనికొచ్చే బండి.

మామూలు మోటారు సైకిల్లో ఇంజను వెనక చక్రాన్నే తిప్పుతుంది. ఆ చక్రం బురదలో దిగబడితే గిర్రున తిరుగుతుంది గానీ బండి కదలదు. రోకాన్‌లో ఇంజను రెండు చక్రాలనూ తిప్పుతుంది. వెనకది తోస్తుంది, ముందుది లాగుతుంది. అందుకే బురదా ఇసుకా దాటి, పడి ఉన్న దుంగ మీదుగా కూడా పోతుంది. దాని చక్రాలు బోలుగా ఉంటాయి. బోలు అంటే లోపల ఖాళీ. అందులో పెట్రోలో నీళ్లో నింపుకోవచ్చు. ఏమీ నింపకపోతే బండి నీటి మీద తేలుతుంది. పాత బండ్లను తాడు లాగి స్టార్టు చేసేవారు.

ఆంధ్ర పల్లెల్లో ఇలాంటి మొండి చాకిరీ రాజ్‌దూత్ చేసింది. 1960లలో వచ్చిన ఆ బండికి అటొకటి ఇటొకటి పాల క్యాన్లు కట్టి, గతుకుల దారిలో తిరిగేవారు.

ఇప్పుడు మన మాట. 1903 నుంచి మద్రాసు రేవులో ఫిజీ ఓడ ఎక్కిన తెలుగువాళ్లకు బండి అంటే ఎద్దుల బండి. ఊళ్లో ఉండిపోయినవాళ్లు అదే మాటను మోటారు సైకిల్‌కు, కారుకు, రైలుకు కూడా వాడుకున్నారు. ఎద్దు కదలనంటే "మొరాయించింది" అనేవారు. ఇంజను స్టార్టు కాకపోయినా అదే మాట: "బండి మొరాయించింది."

మనకేమో తెలుగు మాటలు తాతల కాలపు వస్తువుల దగ్గరే ఆగిపోయాయి. కొత్త వస్తువు రాగానే ఇంగ్లీషులోకి వెళ్లిపోతాం. అలా అయితే తెలుగు పండగకీ పూజకీ మాత్రమే మిగులుతుంది. మీ కారును కూడా బండి అనండి. తప్పు కాదు, తెలుగువాళ్లంతా అలాగే అంటారు.

ఈ వారం ఇంట్లో పలకండి:
బండి తియ్యి. (బయలుదేరదాం)
బండి ఆపు.
బండి మొరాయించింది.
ఏదో, బండి నడుస్తోంది. (బతుకు ఎలాగో సాగుతోంది)

చివరి మాట ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర అనండి. వాళ్లు నవ్వితే, మీకు తెలుగు వచ్చినట్టే.